మిద్దె మీది నుంచి విన్న షెడ్డు బ్యాండు

మా కూతురి కూతురు నిత్య ఈ ఎండాకాలం సెలవులకు జహీరాబాదు వస్తూ ఒక గిటారు, చెవులకు తగిలించుకునే గిన్నెల్లాంటి సాధనం ఒకటి వెంట తెచ్చింది. హైదరాబాదులో వాళ్ల అపార్టుమెంటు కింద, కార్లు నిలిపే చోట, నలుగురు పిల్లలు చేరి వాయిస్తారట. కార్లవాళ్లు తిట్టినప్పుడల్లా ఈ మూల నుంచి ఆ మూలకు జరుగుతారట. "మీకు ఎవరు నేర్పుతున్నరే?" అని అడిగితే నన్ను జాలిగా చూసింది. "ఎవ్వరు నేర్పరు అమ్మమ్మా. దీన్ని గ్యారేజ్ రాక్ అంటరు. షెడ్డుల వాయించాలె, జర గరుకుగ ఉండాలె, మరీ సాఫ్‌గ ఉంటే మజా రాదు. ఇండీ బ్యాండ్ అంటే ఏ కంపెనీ కింద ఉండదు, మా ఇష్టమొచ్చింది మేం కొడ్తం" అంది. ఆ తర్వాత ఆ గిన్నెలు నా చెవులకు తగిలించి, తనకు నచ్చిన బ్యాండులు ఒకదాని తర్వాత ఒకటి వినిపించింది. ముసలిదాన్ని కాసేపు ఆటపట్టిద్దామని దాని ఆలోచన. నేను కళ్లు మూసుకొని విన్నాను. ఒకదానికి, "డోలు మంచిగున్నది గాని పాడే పిలగానికి పడిశం పట్టింది" అన్నాను. ఇంకోదానికి, "వీళ్లు కొట్టుడు తక్కువ, మమ్ముల చూడున్రి అనుడు ఎక్కువ" అన్నాను. మూడోది మొదలవగానే గిన్నెలు తీసి దాని చేతిలో పెట్టాను. "ఇంత నున్నగ కొడితే వినేటోళ్లకు ఏం మిగిలిందే?" అన్నాను. నిత్య నోరు తెరిచింది. ఆ మూడో బ్యాండు గురించి తనూ అదే మాట అని స్నేహితురాలితో మాటలు మానేసిందట. "నీకెట్ల తెలుసు అమ్మమ్మా ఇవన్ని?" అంది. కుర్చీలో పేపరు చదువుకుంటున్న మా ఆయన పేపరు వెనకాలే నవ్వారు.

ఎలా తెలుసంటే, డెబ్భైలు దాటి ఎనభైల్లోకి వస్తున్న ఆ రోజుల్లో, జహీరాబాదు పెళ్లి బ్యాండుల మీద తీర్పులు చెప్పడంలో నన్ను మించినవాళ్లు మా గల్లీలో లేరు. ఆ తీర్పులు వినడానికి ఎవరూ అడగలేదన్నది వేరే సంగతి. మా బాపు అల్లం వ్యాపారం చేసేవాడు. ఇంటి కింది భాగమంతా అల్లం బస్తాలు. ఎర్రమట్టితో తడితడిగా వచ్చిన అల్లాన్ని వాకిట్లో గుమ్మరిస్తే ఆ ఘాటు మా బట్టలకు, పరుపులకు, చివరికి మా పుస్తకాలకు కూడా పట్టేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లకు ఎప్పుడూ చాయ తాగాలనిపించేదట. ఇంటి మీద మిద్దె, మిద్దె చుట్టూ నా నడుము ఎత్తు పిట్టగోడ. ఆ పిట్టగోడకు ఆనుకొని నిలబడితే మా గల్లీ, గల్లీ చివర బొంబాయి రోడ్డు, రోడ్డవతల లారీలు బాగుచేసే రేకుల షెడ్డులు కనిపించేవి. చుట్టుపక్కల ఊళ్లలో ఏ పెళ్లయినా, కోహీర్ నుంచి వచ్చినా మొగుడంపల్లి పోయినా, బారాత్ ఊరేగింపు మా గల్లీ మీదుగా పోవాల్సిందే. వేరే రోడ్డు లేక కాదు. మా గల్లీలో రెండు వైపులా గోడలుండి మోత బాగా వస్తుందని బ్యాండువాళ్లే మళ్లించేవాళ్లు.

ఆడపిల్ల వీధిలో నిలబడి బ్యాండు చూడడం మా ఇంట్లో లేదు. ఆ చట్టం మా నాయనమ్మది. ఆమె పుట్టిల్లు బీదరు అవతల. నోట్లో ఆకువక్క, చేతిలో పిడికెడు కందులు, మాట మాటకూ "అయ్యో శివనే" అనేది. కందుల్లో రాళ్లు ఏరుతూనే ఇంట్లో అందరి నడతలూ ఏరేది. "బ్యాండు ముంగట మొగోళ్లు దుంకుతరు. ఆడ నీకేం పని?" అనేది. అయితే మిద్దె మీద కందులు ఎండబెట్టడానికి, కాకుల్ని తోలడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. మాఘమాసం వచ్చిందంటే నేను అడక్కుండానే చేటలు పట్టుకొని మెట్లెక్కేదాన్ని. పెళ్లిళ్లు ఎక్కువైన ఏడు మా ఇంటి కందులు ఎండినంత బాగా జహీరాబాదులో ఏ ఇంట్లోనూ ఎండలేదు. ఉడికించబోతే ఉడకక మా అమ్మ పొయ్యి ముందు కూర్చొని తిట్టుకునేది.

కాబట్టి నేను బ్యాండులన్నింటినీ పైనుంచే ఎరుగుదును. ఆ వాయించేవాళ్ల ముఖాలు నాకు తెలియవు, టోపీలు తెలుసు. ఎవరి టోపీ కుచ్చు ఊడిందో, ఎవరి కోటు భుజాల మీద వెలిసిపోయిందో తెలుసు. నిజంగా ఊదేవాళ్లు ఎవరో, ఊరికే బాకా పట్టుకున్నవాళ్లు ఎవరో కూడా తెలుసు. ఇది కొత్తవాళ్లకు చెప్పాలి. ముహూర్తాలు దట్టంగా ఉన్న రోజుల్లో బ్యాండువాళ్లకు మనుషులు చాలేవాళ్లు కాదు. పెళ్లివాళ్లకేమో బ్యాండు నిండుగా కనబడాలి. అందుకని హమాలీలనో, టీకొట్టు దగ్గర ఖాళీగా కూర్చున్నవాళ్లనో పిలిచి ఎర్ర కోటు తొడిగి, చేతికొక బాకా ఇచ్చి, "మూతికి పెట్టుకో, ఊదకు" అని చెప్పి నడిపించేవాళ్లు. ఊరందరికీ తెలిసిన సంగతే, ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఊదేవాడి భుజాలు పాట వెంట లేచి దిగుతాయి. పట్టుకున్నవాడి భుజాలు బస్తా మోసినప్పటిలాగానే ఉంటాయి. ఆ తేడా పైనుంచి చూస్తేనే తెలుస్తుంది.

ఇంక నా తీర్పులు. బస్టాండు దగ్గరి నవరంగ్ బ్యాండు అంటే నాకు ఒళ్లు మంట. ఊరంతా వాళ్లని మెచ్చుకునేది. తెల్ల కోట్లు, ఇస్త్రీ, తోపుడు బండి మీద లౌడుస్పీకరు, మైకు పట్టుకొని పాడే మనిషి. రేడియోలో పాట ఎలా వస్తుందో అచ్చం అలాగే వాయించేవాళ్లు. అలాగే వినాలనుకుంటే ఇంట్లో రేడియో ఉంది కదా, పెళ్లికొడుకు గుర్రం వెనక నడవడం ఎందుకు? రైల్వే గేటు బ్యాండు అని ఇంకొకటి ఉండేది. ముగ్గురే మనుషులు, ఒకటే పాట. పెళ్లయినా అదే, జాతరయినా అదే, నాయకుడు గెలిచి ఊరేగినా అదే. వాళ్ల మీద నాకు జాలితో కూడిన గౌరవం ఉండేది. నమ్మినదాన్ని వదిలిపెట్టని మనుషులు. బీదరు నుంచి అప్పుడప్పుడూ వచ్చే పెద్ద బ్యాండుకు మా నాయనమ్మ అభిమాని. ఆమె కొలత వేరు. కింద బ్యాండు పోతుంటే వంటింటి చెక్క మీద ఇత్తడి చెంబులు కదలాలి. కదిలితే బ్యాండు, లేకుంటే భజన. బీదరువాళ్లకు చెంబులు కదలడమే కాదు, ఒకసారి ఒకటి దొర్లి కింద పడి సొట్ట పోయింది. ఆ సొట్టను ఆమె వచ్చినవాళ్లందరికీ చూపించేది. బాపు కొలత ఇంకోటి. "అడుగులు ఒక్క తీరుగ పడాలె. పాటదేమున్నది, ఎవ్వలైన ఊదుతరు" అనేవాడు. రాత్రి అన్నాల దగ్గర మేము ముగ్గురం దీని మీద వాదించుకుంటుంటే మా అమ్మ మధ్యలో చారు గిన్నె పట్టుకొని నిలబడేది. "మీ ముగ్గుర్ని ఏ బ్యాండుల చేర్చుకుంటరో అడిగొస్త, ఇంటి పనన్న తప్పుతది" అనేది.

నా బ్యాండు షెడ్డు బ్యాండు. డోలు మీద గుల్షన్ బ్యాండ్ పార్టీ అని రంగులతో రాసి ఉండేది గానీ ఆ పేరుతో ఎవరూ పిలిచేవాళ్లు కాదు. బొంబాయి రోడ్డు మీది లారీల షెడ్డులో, ఇంజను విప్పేసిన లారీల మధ్య వాళ్లు సాధన చేసేవాళ్లు. ఎర్ర కోట్ల మీద గ్రీజు మరకలు. పెద్ద డోలు బాలయ్యది, ఆ డోలు తోలు ఎప్పుడో చిరిగితే లారీ ట్యూబు ముక్కతో అతుకు వేశారు. దానివల్ల ధన్ అనాల్సిన చోట ధబ్ అనేది. క్లారినెట్టు ఖాసిం మాస్టరుది. అందులో ఒక మీట స్ప్రింగు పోతే సైకిల్ ట్యూబు రబ్బరు కట్టాడట. ఆ మీట దగ్గరికి పాట వచ్చినప్పుడు స్వరం నిలబడక కొద్దిగా జారేది. జారి, పడిపోతుందేమో అనుకునేలోపు మళ్లీ లేచేది. ఆ జారుడు కోసం నేను మండుటెండలో పిట్టగోడ పట్టుకొని ఎంతసేపైనా నిలబడేదాన్ని. కాకులు కందులు ఎత్తుకుపోతున్నా తిరిగి చూసేదాన్ని కాదు. ఆ జారుడులో ఏముండేదో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ చెప్పలేను. వాళ్లెప్పుడూ ఒకేసారి పాట మొదలుపెట్టేవాళ్లు కాదు. ముందు బాలయ్య ఎత్తుకునేవాడు, మిగతావాళ్లు నిద్ర లేచినట్టు ఒక్కొక్కరే వచ్చి కలిసేవాళ్లు. కలిసిన తర్వాత మాత్రం ఆ మోతకు మా గోడల సున్నం రాలేది.

వాళ్ల పాటల సంగతి కూడా చెప్పాలి. మా ఊరి టాకీసుకు సినిమాలు ఆలస్యంగా వచ్చేవి. కానీ షెడ్డులో బాగుచేయించుకునే లారీలు బొంబాయి నుంచి వచ్చేవి. డ్రైవర్లు అక్కడ కొత్త పాటలు విని, ఇక్కడ టైరు మార్చేలోపు ఈలవేసి వినిపించేవాళ్లు. ఖాసిం మాస్టరు ఆ ఈల పట్టుకొని పాట కట్టేవాడు. డ్రైవరుకు గుర్తులేని చోట తనకు తోచింది కలిపేవాడు. ఆ రకంగా సినిమా రాకముందే పాట మా ఊరంతా తిరిగేది. తీరా సినిమా వచ్చి ఆ పాట తెర మీద వస్తే జనం ఒప్పుకునేవాళ్లు కాదు. పాట మధ్యలో ఉండాల్సిన జారుడు లేదు, చివర ఉండాల్సిన ధబ్ లేదు. ఒకసారి బాపు మమ్మల్ని టాకీసుకు తీసుకుపోయినప్పుడు వెనక బెంచీలో ఒకాయన, "వీళ్లకు పాట సరిగ రాదు, మన ఖాసిమే నయం" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నిజమే అన్నారు. నాకైతే ఇప్పటికీ ఆ పాటలు అసలు రూపంలో వింటే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది.

ఇంతకీ బ్యాండును ఎదురుగా చూసే అవకాశం ఆడపిల్లకు జీవితంలో ఒక్కసారి వచ్చేది, తన పెళ్లికి. బారాత్ కూడలికి రాగానే బ్యాండు ఆగి వెనక్కి తిరిగేది. పెళ్లికూతురు, పెళ్లికొడుకు కూర్చున్న జీపుకు ముఖాముఖి నిలబడి ఒక పాట వాయించేది. ఆ ఒక్క పాట వాళ్లిద్దరి కోసమే. అంటే నాకు కోహీర్ సంబంధం కుదిరినప్పుడు ఇంట్లో అందరూ పొలం ఎంత, మనుషులెట్లాంటివాళ్లు అని మాట్లాడుకుంటుంటే నేను ఏ బ్యాండు అని ఎందుకు ఆలోచించానో మీకు అర్థమై ఉంటుంది. అత్తగారిల్లు చుట్టూ ఎత్తు గోడ, మిద్దె లేదు అని ముందే విన్నాను. పెళ్లయ్యాక నాకు మళ్లీ బ్యాండు లేదు. ఆ ఒక్క పాట నవరంగ్ వాళ్ల చేతిలో పడితే నేనేమైపోవాలి? చీర ఏ రంగు అని అడగడానికి వచ్చిన బాపుతో, "చీర మీ ఇష్టం. బ్యాండు మాత్రం షెడ్డోళ్లది పెట్టు బాపూ" అన్నాను. "వాళ్ల కోట్లకు నూనె మరకలుంటయ్ బిడ్డా" అన్నాడు. "ఉండనీ" అన్నాను. మర్నాడు షెడ్డుకు పోయి బాలయ్యతో మాట్లాడి వచ్చాడు. "ఒప్పుకున్నరు. కోట్లు ఉతుకమని చెప్పిన" అన్నాడు. నాకు ఆ రాత్రి అన్నం ఎక్కువ సయించింది.

మా వైపు పెళ్లిలో అసలు ముచ్చట ఎదుర్కోళ్లది. మగపెళ్లివాళ్లు తమ బ్యాండుతో ఆ వైపు నుంచి, ఆడపెళ్లివాళ్లు తమ బ్యాండుతో ఈ వైపు నుంచి వచ్చి వీధి మధ్యలో కలుస్తారు. అప్పుడు రెండు బ్యాండులూ ఒకదాని మీద ఒకటి వాయిస్తాయి. ఏది ముందు ఆపితే ఆ వైపువాళ్లు ఓడినట్టు. ఆ ఓటమిని వియ్యపురాళ్లు ముసలివాళ్లయ్యేదాకా ఎత్తిచూపుకుంటారు. నేను ఆ సమయంలో వెనక గదిలో గౌరీపూజలో కూర్చున్నాను. వీధిలో మా బ్యాండు కదిలింది. బాలయ్య ధబ్ వినబడగానే నాకు పూజలో కూడా నవ్వాగలేదు. కాసేపటికి అవతలి వైపు నుంచి, కోహీర్ వాళ్ల వైపు నుంచి, క్లారినెట్టు వినబడింది. పాట ఎత్తుకుంది, ఎక్కింది, ఒకచోట జారింది, మళ్లీ లేచింది. నా చేతిలో అక్షింతలు అలాగే ఉండిపోయాయి. ఆ జారుడు ప్రపంచంలో ఒక్క క్లారినెట్టుకే ఉంది.

"నాయనమ్మా, రెండు దిక్కుల మన బ్యాండే వస్తున్నది!" అన్నాను.

"అయ్యో శివనే! కండ్లు మూసుకొని దండం పెట్టుకో పోరీ" అంది ఆమె.

జరిగింది తర్వాత తెలిసింది. బాపు బాలయ్యను మాట్లాడుకున్నాడు. కోహీర్ వాళ్లు ఖాసిం మాస్టరును మాట్లాడుకున్నారు. పెళ్లి ఎన్నింటికి, నడక ఎక్కడి నుంచి అని బ్యాండువాళ్లు అడుగుతారు గానీ ఎవరికి ఎవరితో అని ఎప్పుడూ అడగరు. జహీరాబాదులో ఒక పెళ్లి, కోహీర్ నుంచి ఒక పెళ్లి, రెండూ ఒకే రోజు అనుకున్నారు. అలవాటు ప్రకారం బ్యాండును రెండు సగాలు చేసి, ఖాళీల్లో హమాలీలను నింపి, ఆ సగం అటు, ఈ సగం ఇటు బయల్దేరారు. ఉన్నట్టుండి వీధిలో మోత ఆగిపోయింది. ఒక బ్యాండు ఆగితే ఒకరు ఓడినట్టు. రెండూ ఒక్కసారి ఆగితే ఏమైనట్టో ఎవరికీ తెలియదు. నాకు ఇంక కూర్చోబుద్ధి కాలేదు. పసుపు గౌరమ్మను, నాయనమ్మను గదిలో వదిలేసి మెట్లెక్కి మిద్దె మీదికి పోయాను.

కింద ఎర్ర కోట్లకు ఎదురుగా ఎర్ర కోట్లు. రెండు డోళ్ల మీదా గుల్షన్ బ్యాండ్ పార్టీయే. ముందుగా తేరుకున్నవాళ్లు ఊదని హమాలీలు. ఈ వైపువాడు ఆ వైపువాణ్ని చూసి బాకా చంకలో పెట్టుకొని, "ఏం రా, కోహీర్ పెండ్లికి పోత అంటివి?" అన్నాడు. "ఇదే గదరా కోహీర్ పెండ్లి!" అన్నాడు వాడు. అప్పటికి పెద్దవాళ్లకు విషయం అర్థమైంది. పెళ్లికొడుకు మేనమామ మాణిక్యప్ప, పెద్ద రుమాలు, పెద్ద గొంతు, బాపు మీదికి వచ్చాడు. "ఎదుర్కోళ్లల్ల గెలువనీకి మా బ్యాండునే గుంజుకుంటరా?" అన్నాడు. "మీరే మా బ్యాండుల సగం ఎత్తుకపోయిన్రు!" అన్నాడు బాపు. అది విని మాణిక్యప్ప పోయి మురికినీళ్ల మోరీ గట్టు మీద కూర్చున్నాడు. "బస్టాండ్ కాడ నవరంగ్ బ్యాండు ఖాళీగ ఉన్నదట. పిలిపియ్యిన్రి. వాళ్లు వచ్చినంకనే మా పిలగాడు జీపు దిగుతడు. ఈ సగం సగం బ్యాండు మాకొద్దు" అన్నాడు. బాపు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. పెళ్లి ఆగకుండా ఉంటే చాలనుకునే తండ్రి ముఖం అది. "సరే, పిలిపిస్త" అనేశాడు.

ఇన్నేళ్ల ఎదురుచూపు, తెల్ల కోట్లవాళ్ల లౌడుస్పీకరు పాలు కాబోతోంది. ఎలా అరిచానో నాకే తెలియదు. "బాపూ! నవరంగ్ వాళ్లు వస్తే నేను కిందికి రాను!"

వీధిలో అందరూ తలలెత్తి చూశారు. అన్నేళ్లు టోపీలు చూసిన నాకు ఆ రోజు వీధి నిండా ముఖాలు కనిపించాయి. ఖాసిం మాస్టరు ఎవరో చేతిలో క్లారినెట్టును బట్టి తెలిసింది. పొట్టి మనిషి, ముందు పన్ను లేదు, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా నిలబడి ఉన్నాడు. మాణిక్యప్ప గట్టు మీది నుంచి లేచాడు. "పెండ్లిపిల్ల బంగ్ల మీదికెల్లి ఒర్లుతదా? ఇదేం ఇంటి పద్ధతి?" అన్నాడు. సరిగ్గా అప్పుడే నా జుట్టు పట్టుకొని కిందికి ఈడ్చుకుపోదామని మా నాయనమ్మ రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఆ మాట ఆమె చెవిన పడింది. నన్ను వదిలేసి పిట్టగోడ మీదికి వంగింది. "మా ఇంటి పద్ధతి గిదే. మీదేం పద్ధతి? పెండ్లికొచ్చి మోరీ మీద కూసునుడా?" అంది. జనం నవ్వారు. మాణిక్యప్ప మళ్లీ కూర్చోలేక, నిలబడలేక గట్టు వైపు, జీపు వైపు చూశాడు.

అప్పుడు జీపులోంచి పెళ్లికొడుకు గొంతు వినబడింది. నేను ఆ గొంతు వినడం అదే మొదలు. "మామా, ఈ బ్యాండే ఉండాలె. వేరేది వద్దు" అన్నారు. "ఎందుకు రా?" అన్నాడు మాణిక్యప్ప. "ఉండాలె, అంతే" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఖాసిం మాస్టరు రెండడుగులు ముందుకొచ్చి క్లారినెట్టు గుండెకు ఆనించుకొని సలాం చేశాడు. "సాబ్, ఓడింది మేమే, గెల్చింది మేమే. ఇజాజత్ ఇస్తే అందరం కలిసి కొడ్తం" అన్నాడు. బాపు, మాణిక్యప్ప చేదు మందు పోస్తున్నట్టు ముఖాలు పెట్టి ఎదుర్కోళ్ల ఆనవాయితీ ప్రకారం ఒకరి నోట్లో ఒకరు చక్కెర పోసుకున్నారు. ఊదేవాళ్లంతా ఒక చోట చేరారు. ఊదనివాళ్లు కూడా ఒక చోట చేరి, మొదటిసారి తామెంతమందిమో చూసుకున్నట్టున్నారు. ముందు బాలయ్య ఎత్తుకున్నాడు. వంటింట్లో ఇత్తడి చెంబులు వరసగా కదిలాయి. నాయనమ్మ చెవి అటు పెట్టి విని, "మా బీదర్ వాళ్లంత కాదు" అంది. అని, నా నెత్తి మీది కొంగు సర్ది కిందికి తీసుకుపోయింది.

పెళ్లయ్యాక పొద్దుండగానే బారాత్ కదిలింది. కూడలిలో బ్యాండు ఆగి వెనక్కి తిరిగింది. ఖాసిం మాస్టరు జీపు ముందుకొచ్చి, "బేటా, ఏం పాట కొట్టమంటవ్?" అన్నాడు. మిద్దె మీద నిలబడ్డ ఆ ఏళ్లన్నీ ఏ పాట అడగాలా అని లెక్కలు వేసుకున్నదాన్ని, తీరా అడిగితే "మీ ఇష్టం" అనేశాను. ఆయన తనే ఎత్తుకున్నాడు. అది ఏ సినిమాలోదో నాకు ఈనాటికీ తెలియదు. ఏ డ్రైవరు ఈలో, ఎంత ఆయన సొంతమో. జారే చోటు వచ్చినప్పుడు ఆయన ఒక కన్ను గట్టిగా మూసి, పెదవి పక్కకు లాగి, పడిపోతున్న స్వరాన్ని చేత్తో పట్టుకున్నట్టు పైకి లేపాడు. పైనుంచి విన్న అన్నేళ్లూ అది రబ్బరు తప్పనుకున్నాను. ఎదురుగా చూస్తే తెలిసింది, కావాలనే జారనిచ్చేవాడు. నాకు ఏడుపు ఆగలేదు. పక్కన కూర్చున్న ఆడబిడ్డ నా తల వంచుతూ, "పాపం, పుట్టింటి మీద బెంగ" అంది. నేను మాత్రం తల ఎత్తి పాట అయ్యేదాకా చూశాను.

ఇప్పుడు ఆ షెడ్డులున్న చోట పెద్ద దుకాణాలు వచ్చాయి. పెళ్లికి లారీ మీద స్పీకరు పెట్టెలు పేర్చుకొని వచ్చి మోగిస్తారు. మా కిటికీ అద్దాలు వణుకుతాయి గానీ, ఆ మోతలో ఎక్కడా మనిషి ఊపిరి వినబడదు, ఎవరూ తప్పు వాయించరు. పాతదంతా మంచిదని చెప్పే మనిషిని కాను. ఆ రోజుల్లో బ్యాండు చూడడానికి నాకు కందుల చేట అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. నిత్య ఇవాళ బ్యాండులో ఉంది, వాళ్లలో డోలు కొట్టేది కూడా ఆడపిల్లే. అది తలుచుకుంటే నాకు అసూయ పుడుతుంది, దాచుకోవడం దేనికి. పెళ్లయ్యాక, మేము మళ్లీ జహీరాబాదుకు మారేదాకా, కోహీర్ ఇంట్లో గోడలే గానీ వీధి కనబడలేదు. అయినా నేను పెద్దగా దుఃఖపడలేదు. మా ఆయన కూడా షెడ్డు బ్యాండు అభిమాని కావడం నా అదృష్టం అనుకున్నాను. లేకుంటే పెళ్లినాడు మేనమామనే ఎదిరిస్తారా? ఇన్నేళ్లుగా ఏ బ్యాండు విన్నా నా అభిప్రాయం ఆయనకు చెబుతూనే ఉన్నాను. ఆయన "ఊ" అంటారు. తక్కువ మాట్లాడేవాళ్లకు ఎక్కువ తెలుస్తుందని ఆ ఊకు నేను చాలా విలువ ఇచ్చాను.

ఈ కథంతా నేను రొట్టెలు చేస్తూ చెబుతుంటే నిత్య పీట మీద కూర్చొని విన్నది. విని, అన్నానికి కూర్చున్న తాత వైపు తిరిగింది. "తాతా, నీకు అందులో ఏది ఎక్కువ ఇష్టముండె? క్లారినెట్టా, డోలా?"

"నాకేం ఎరక బిడ్డా" అన్నారు ఆయన. "నాకు బ్యాండులన్ని ఒక్క తీరుగనే వినొస్తయ్."

నా చేతిలో రొట్టె పిండి ఆగిపోయింది. నిత్యే అడిగింది. "మరి ఆ బ్యాండే ఉండాలె అని ఎందుకు పట్టువట్టినవ్?"

ఆయన కూర కలుపుకుంటూ, అంగడిలో అల్లం ధర చెప్పినంత మామూలుగా చెప్పారు. "పిల్లను చూడనీకి పోయిన దినం బయట బారాత్ పోతుండె. ఇంట్ల అందరు నన్నే చూస్తుండ్రి. మీ అమ్మమ్మ ఒక్కతే కిటికీ దిక్కు చూస్తుండె. కండ్లల్ల నీళ్లున్నయ్. బయటికొచ్చినంక ఎవ్వల బ్యాండు ఇది అని అడిగిన. షెడ్డోళ్లది అన్నరు. పోయి మాట్లాడుకున్న. గంతే."

అంటే ఆ రోజు ఒక వైపు నుంచి బాపు, ఇంకో వైపు నుంచి ఈయన, ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే బ్యాండును రెండు సగాలుగా నడిపించుకొచ్చింది నా కోసమేనన్నమాట. మాణిక్యప్ప మోరీ మీద కూర్చున్నదీ, నేను మిద్దె మీద అరిచిందీ అందువల్లేనన్నమాట. పెనం మీద రొట్టె మాడి పొగ వచ్చేదాకా నిలబడే ఉన్నాను. నిత్య అరిస్తే తీసి, వేరే రొట్టె వేద్దామనుకునేలోపు ఆయన కంచం ముందుకు జరిపారు. ఆ మాడిన రొట్టెను ఎప్పటి లాగానే, "మంచిగున్నది" అంటూ చివరి ముక్క దాకా తిన్నారు. ఇన్నేళ్లుగా నా వంటకు ఆయన చెబుతూ వచ్చిన మంచిగున్నది సంగతి ఏమిటా అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.